శ్వాసకు దారి చూపే సాధనాలు - ఏది మేలు?

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. మేము డాక్టర్లము కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పుకుని బతికేవాళ్ళము. మా తెలుగు కూడా బడిలో నేర్చినది కొంత, బోరబండ బజారులో నేర్చినది కొంత. తప్పులుంటే మన్నించండి. వైద్య విషయంలో నోరు విప్పడానికి మాకేమి అర్హత అని మీరు అడగవచ్చు. ఆ అర్హత ఎట్లా వచ్చిందో ముందు చెబుతాము.

పోయిన సంవత్సరం మన గల్లీలో ఆటో నడుపుకునే ఒక తమ్మునికి గాల్ బ్లాడర్‌లో రాళ్ళు ఉన్నాయని తేలింది. నొప్పితో రాత్రిళ్ళు నిద్ర లేదు. అప్పోసప్పో చేసి ఊళ్ళో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్‌కు రోజు నిర్ణయించారు. తీరా పొద్దున్నే మత్తు డాక్టరమ్మ వచ్చి, "నోరు తెరువు నాయనా" అన్నది. అతడు తెరిచాడు. ఆమె తన వేళ్ళు పెట్టి చూసింది. రెండు వేళ్ళు కూడా సరిగా పట్టలేదు. "ఈ ఆపరేషన్ ఇవాళ ఇక్కడ చేయడం కుదరదు" అని చెప్పి కాగితం మీద రాసి వెళ్ళిపోయింది. ఆ తమ్ముని తల్లి, మా అందరికీ ఖాలా, ఏడ్చుకుంటూ మా ఇంటికి వచ్చింది. మాకు కోపం వచ్చింది. నలుగురిని వెంటబెట్టుకుని జగడానికే పోయాము.

"మేడమ్, కోసేది కడుపు. మీరు నోరు చూసి ఆపుతరా? ఇదేం న్యాయం?" అన్నాము.

ఆమె కోప్పడలేదు. కుర్చీ చూపించింది. "మాస్టారూ, కోసేది కడుపే. కాని నిద్రపుచ్చినంక అతని ఊపిరి ఎవరు తీస్తరు? కండరాలు వదులు చేసే మందు ఇచ్చినంక అతను సొంతంగా ఊపిరి తీసుకోలేడు. మేమే తీయించాలె. ఆ గాలి పోయే గొట్టం ఈ నోట్ల నుంచే పోవాలె. నోరే తెరుచుకోకుంటే నేను దారి ఎట్ల చూడాలె?" అన్నది.

మా దగ్గర జవాబు లేదు. జగడానికి పోయి పాఠం చెప్పించుకుని తిరిగి వచ్చాము. ఆ తమ్మునికి తర్వాత తగిన పరికరం ఉన్న వేరే చోట ఆపరేషన్ జరిగింది, ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. ఎట్లా జరిగిందో కొంచెం ఆగి చెబుతాము.

ఇది జరిగిన కొన్నాళ్ళకు మన కార్యవర్గంలో ఒక ప్రతిపాదన వచ్చింది. సభ్యులు చందా వేసుకున్న డబ్బుతో పేదలు వెళ్ళే ఒక ఆసుపత్రికి వీడియో లారింగోస్కోప్ అనే యంత్రం కొనిద్దామని. వెంటనే రెండు మూడు కంపెనీల కాగితాలు వచ్చి పడ్డాయి. ప్రతివాడూ మాదే గొప్పదంటాడు. "మాస్టారూ, మీరు సైన్సు చెప్తరు గదా, మీరే చూసి చెప్పండి" అని మా మీద పెట్టారు. అప్పటినుంచి సెలవు దొరికినప్పుడల్లా ఆ డాక్టరమ్మను, ఇంకా ఇద్దరు ముగ్గురు మత్తు డాక్టర్లను విసిగించి నేర్చుకున్నది మీకు అప్పజెప్పుతున్నాము. ఇది మీ డబ్బు. ఎక్కడికి పోతున్నదో తెలుసుకునే హక్కు మీకున్నది.

ముందు గొంతు సంగతి. నోటి వెనక రెండు దారులున్నాయి. ముందున్నది గాలి దారి, వెనకున్నది అన్నం దారి. గాలి దారి గుమ్మం దగ్గర స్వరతంత్రులు ఉంటాయి, వాటి వల్లనే మనకు గొంతు పలుకుతుంది. ఆ గుమ్మం మీద చిన్న మూత ఉంటుంది. మత్తు డాక్టరు చేయవలసిన పని ఆ మూతను పైకి ఎత్తించి, స్వరతంత్రుల నడుమ నుంచి గొట్టాన్ని గాలి దారిలోకి పంపడం. పొరపాటున అన్నం దారిలోకి పోతే గాలి కడుపులోకి పోతుంది గాని ఊపిరితిత్తులకు చేరదు. ప్రాణవాయువు అందకపోతే మెదడు నాలుగైదు నిమిషాలలోనే దెబ్బతినడం మొదలవుతుంది. అందుకే మత్తు ఇవ్వడానికి ముందు రెండు మూడు నిమిషాలు మాస్కుతో ఆక్సిజన్ పీల్పిస్తారు. అది బ్యాంకులో సొమ్ము దాచుకున్నట్టు. గొట్టం పడేదాకా ఆ సొమ్ముతోనే గడవాలి.

ఇంత చిన్న గుమ్మాన్ని బతికున్న మనిషిలో మొదట ఎవరు చక్కగా చూపించారు? డాక్టరు కాదు, పంతులే! మాన్యువల్ గార్సియా అనే స్పెయిన్ దేశపు సంగీతం మాస్టారు లండన్‌లో పాటలు నేర్పేవాడు. పాడేటప్పుడు గొంతులో ఏం జరుగుతున్నదో చూడాలని 1854లో చిన్న అద్దాలు, సూర్యుని వెలుతురు ఉపయోగించి తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. 1855లో ఆ సంగతి లండన్ రాయల్ సొసైటీకి తెలియజేశాడు. పంతుళ్ళను తక్కువగా చూడవద్దని మన పిల్లలకు మా మనవి.

తర్వాత 1895లో బెర్లిన్‌లో కిర్‌స్టైన్ అనే డాక్టరు అద్దం లేకుండా నేరుగా గొంతును చూసే సాధనం తయారు చేశాడు. 1941లో అమెరికాలో మిల్లర్ నిటారుగా ఉండే బ్లేడు చేశాడు. 1943లో ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ మెకింతోష్ కొడవలి లాగా వంపు తిరిగిన బ్లేడు చేశాడు. ఎనభై ఏళ్ళు దాటినా ఈ రోజుకూ మన ఆసుపత్రులలో ఎక్కువగా కనబడేది ఆ మెకింతోష్ బ్లేడే. పేరుకు బ్లేడు గాని దానికి పదును ఉండదు. నాలుకను పక్కకు నెట్టి, కొసను నాలుక మొదట్లో ఆనించి, పైకి ఎత్తుతారు. మూత లేస్తుంది. డాక్టరు కన్ను, రోగి నోరు, గొంతు ఒకే గీత మీదికి వస్తే గుమ్మం కనబడుతుంది. రాకపోతే కనబడదు. అదీ దాని ఇబ్బంది.

ఈ విషయంలో మన హైదరాబాదుకు కూడా ఒక చరిత్ర ఉన్నదని వినగానే మా గుండె పొంగింది. 1846లో ఇక్కడ మొదలైన వైద్య పాఠశాలలో తొలిరోజుల్లో పాఠాలు ఉర్దూలోనే చెప్పేవారు. తర్వాతి కాలంలో దానికి పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు క్లోరోఫారం మీద 1888లో, 1889లో రెండు కమిషన్లు నడిపించాడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించాడు. రెండవ కమిషన్ కోసం లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు రావడానికి వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. అదే వైద్య పాఠశాలలో చదివిన పార్సీ మహిళ రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరుగా పేరు పొందింది.

లారీ చెప్పినది ఒక్కటే మాట. మత్తు ఇచ్చేటప్పుడు నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరిని చూడు. ముందు ఊపిరి ఆగిన తర్వాతనే గుండె ఆగుతుంది, క్లోరోఫారం నేరుగా గుండెను దెబ్బతీయదు అని కమిషన్ తీర్పు ఇచ్చింది. ఆ తీర్పులో సగం నిలిచింది, సగం పడిపోయింది. ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న మాట ఇప్పటికీ మత్తు డాక్టర్ల మొదటి పాఠం. గుండెకు భయం లేదన్న మాట మాత్రం తప్పు. క్లోరోఫారం గుండె లయను హఠాత్తుగా తప్పించగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పరిశోధనలు చూపించాయి. తాను నమ్మిన పద్ధతి మీద మరీ ఎక్కువ నమ్మకం పెట్టుకుంటే ఎంత పెద్ద డాక్టరైనా పొరపడతాడు. యంత్రాలు అమ్మే కాగితాలు చదివేటప్పుడు మేము ఈ సంగతి గుర్తు పెట్టుకున్నాము.

ఇక వీడియో లారింగోస్కోప్ అంటే ఏమిటి? మనలో చాలామంది ఫిల్మ్ నగర్, కృష్ణానగర్ వైపు షూటింగులలో లైట్లు మోసినవాళ్ళు, సెట్లు కొట్టినవాళ్ళు ఉన్నారు. మీకు ఒక్క మాటలో అర్థమవుతుంది. పాత రోజుల్లో కెమెరా కంటికి ఆనించుకున్న వాడికి తప్ప షాట్ ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలిసేది కాదు. మానిటర్ వచ్చినాక డైరెక్టరు, అసిస్టెంటు, చాయ్ తెచ్చిన కుర్రవాడు కూడా చూస్తున్నారు. ఇదీ అంతే. బ్లేడు కొస దగ్గర చిన్న కెమెరా, దీపం ఉంటాయి. బొమ్మ తెర మీద పడుతుంది. కన్ను, నోరు, గొంతు ఒకే గీత మీదికి రావలసిన అవసరం లేదు. మూల తిరిగిన చోట కూడా కెమెరా చూస్తుంది. 2001లో కెనడా శస్త్రవైద్యుడు జాన్ పేసీ తెచ్చిన గ్లైడ్‌స్కోప్‌తో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది.

పంతుళ్ళుగా మాకు ఇందులో నచ్చినది ఇంకొకటి ఉన్నది. పాత బ్లేడుతో నేర్చుకునే కుర్ర డాక్టరు "కనబడుతున్నది సార్" అంటే నిజంగా కనబడుతున్నదో లేదో పక్కనున్న గురువుకు తెలిసే దారి లేదు. ఇప్పుడు శిష్యుడు చూసేది గురువు కూడా చూస్తాడు, "కొంచెం కుడికి, ఇంకొంచెం వెనక్కు" అని చెప్పగలడు. కరోనా కాలంలో, 2020లో, రోగి నోటికి డాక్టరు ముఖం దూరంగా ఉంటుందని కూడా దీన్ని వాడమన్నారు.

ఇప్పుడు అసలు పోలిక. పెద్దవాళ్ళకు వాడే ఈ యంత్రాలు పేర్లు ఎన్ని ఉన్నా మూడు జాతులు.

మొదటిది, మెకింతోష్ ఆకారంలోనే ఉండి కొసన కెమెరా ఉన్నది. సీ-మ్యాక్, మెక్‌గ్రాత్ మ్యాక్ వంటివి. డాక్టరు చేతికి పాత అలవాటే పనికొస్తుంది. తెర ఆగిపోయినా, కెమెరా మీద ఆవిరి పట్టినా, నెత్తురు పడినా, పాత పద్ధతిలో నేరుగా నోట్లోకి చూసి పని కానివ్వవచ్చు.

రెండవది, బాగా వంపు తిరిగినది. గ్లైడ్‌స్కోప్ బ్లేడు, సీ-మ్యాక్‌లోని డి-బ్లేడు ఈ జాతివి. మెడ వంగనివారికి, గొంతు గుమ్మం బాగా ముందుకు ఉన్నవారికి మూల చుట్టూ తిరిగి చూపిస్తుంది. కాని ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కనబడటం వేరు, గొట్టం పోవడం వేరు. మా డాక్టరమ్మ మాటల్లో, "కిటికీల నుంచి పక్కింటి వంటిల్లు మంచిగ కనబడ్తది, అంతమాత్రాన చెయ్యి పెట్టి గిన్నె తీయగలమా?" గొట్టం లోపల అదే వంపు తిప్పిన గట్టి తీగ పెట్టాలి. పెట్టినా ఒక్కోసారి గొట్టం కొస గాలి దారి ముందు గోడకు తట్టుకుంటుంది. ఇంకో ప్రమాదం, డాక్టరు కళ్ళు తెర మీదనే ఉంచి గొట్టాన్ని గుడ్డిగా నోట్లోకి తోస్తే అంగిలికి గాయం కావచ్చు. అందుకని ముందు నోట్లోకి చూడాలి, తర్వాతనే తెరను చూడాలి అని నేర్పుతారు.

మూడవది, గొట్టానికి కాలువ ఉన్నది. ఎయిర్‌ట్రాక్, కింగ్ విజన్‌లో ఒక రకం బ్లేడు ఇట్లాంటివి. గొట్టాన్ని ముందే కాలువలో కూర్చోబెట్టి, గుమ్మం తెర మధ్యకు రాగానే తోస్తారు. కొత్తవారికి సులువే. కాని కాలువ ఉన్నందున లావుగా ఉంటుంది. నోరు సుమారు 18 మిల్లీమీటర్లయినా తెరుచుకోకపోతే లోపలికి పోనే పోదు, పోయినా తిప్పడానికి చోటు ఉండదు.

ఏది మేలో పరిశోధనలు ఏమంటున్నాయి? 2022లో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ పెద్ద సమీక్ష ప్రకటించింది. 222 పరిశోధనలు, 26,149 మంది పెద్దవాళ్ళ లెక్కలు అందులో ఉన్నాయి. మామూలు బ్లేడుతో గొట్టం వేయడం 100 సార్లు విఫలమయ్యే చోట, మొదటి జాతి కెమెరాతో సుమారు 41 సార్లు, రెండవ జాతితో సుమారు 51 సార్లు, మూడవ జాతితో సుమారు 43 సార్లు విఫలమవుతుందని తేలింది. అంటే మూడూ పాతదాని కంటే మేలే. గొట్టం పొరపాటున అన్నం దారిలోకి పోవడం రెండవ జాతితో తగ్గిందని కూడా చెప్పారు.

లెక్కల పంతుళ్ళుగా ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. 41 కన్నా 43 పెద్దది కాబట్టి మూడవది ఓడిందని అనుకోరాదు. ఈ సమీక్షలో ప్రతి జాతినీ పాత బ్లేడుతో పోల్చారు గాని, మూడింటినీ ఎదురెదురుగా నిలబెట్టలేదు. ముగ్గురు పిల్లలకు మూడు వేర్వేరు ప్రశ్నాపత్రాలు ఇచ్చి మార్కులు పక్కపక్కన రాస్తే ర్యాంకు రాదు గదా! ఏ కంపెనీ అయినా "మాది మొదటి ర్యాంకు" అంటే, ఏ పరీక్షలో అని అడగండి.

2023లో అమెరికాలో డివైస్ అనే పరిశోధన ప్రకటించారు. 17 చోట్ల అత్యవసర విభాగాలలో, ఐసీయూలలో 1,417 మంది పెద్దవాళ్ళ మీద చూశారు. మొదటి ప్రయత్నంలోనే గొట్టం పడినది కెమెరాతో నూటికి 85 మందికి, మామూలు బ్లేడుతో నూటికి 71 మందికి. గొట్టం వేసినవారిలో చాలా ఎక్కువ మంది ఇంకా శిక్షణలో ఉన్న డాక్టర్లే. మన పెద్ద ఆసుపత్రులలో కూడా అర్ధరాత్రి ఎదురయ్యేది కుర్ర డాక్టర్లే కాబట్టి ఈ లెక్క మనకు ముఖ్యం. అయితే అదే పరిశోధనలో ఇంకో లెక్క కూడా ఉన్నది. బీపీ పడిపోవడం, ఆక్సిజన్ బాగా తగ్గడం, గుండె ఆగడం వంటి తీవ్రమైన చిక్కులు రెండు వైపులా నూటికి 21 దగ్గరే ఉన్నాయి. కెమెరా గొట్టాన్ని త్వరగా దారిలో పెట్టింది, రోగి జబ్బును మాత్రం తగ్గించలేదు. కంపెనీ కాగితంలో మొదటి లెక్క పెద్ద అక్షరాలతో ఉంటుంది, రెండవది ఉండదు.

ఇప్పుడు మన ఆటో తమ్ముని దగ్గరికి వద్దాము. "మీ దగ్గర కెమెరా లేకపోవడం వల్లనే గదా ఆపింది, మేము కొనిస్తం" అని ఆ రోజు మేము గొప్పగా అన్నాము. డాక్టరమ్మ నవ్వలేదు. "మాస్టారూ, కెమెరా ఉన్న బ్లేడు కూడా నోట్ల నుంచే పోవాలె" అన్నది.

ఆ తమ్మునికి పన్నెండేళ్ళుగా గుట్కా అలవాటు. రాత్రి ఆటో నడిపేటప్పుడు నిద్ర రాకుండా అని మొదలు పెట్టాడట. అందులోని వక్క వల్ల చెంపల లోపలి చర్మం క్రమంగా బిగుసుకుపోయి తాళ్ళు కట్టినట్టు అవుతుంది. మొదట కారం తింటే మంట, తర్వాత నోరు సగమే తెరుచుకోవడం, ఆ తర్వాత కొందరికి క్యాన్సర్. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి పరిశోధనా విభాగం 2004లో ప్రకటించింది. "మాది సాదా సుపారీ, పొగాకు లేదు" అని మనోళ్ళు చెప్పుకునే ధైర్యం ఉత్తదే.

అట్లాంటి నోటికి మూడు జాతులలో ఏదీ నమ్మదగినది కాదు. చివరికి ఆ తమ్మునికి ఎట్లా చేశారంటే, మెలకువగా ఉండగానే ముక్కులో, గొంతులో తిమ్మిరెక్కే మందు వేసి, వంగే సన్నని కెమెరా గొట్టాన్ని ముక్కుగుండా గాలి దారిలోకి పంపి, దాని మీదుగా శ్వాస గొట్టాన్ని జార్చి, ఆ తర్వాతనే నిద్రపుచ్చారు. దానికి వేరే పరికరం, వేరే శిక్షణ కావాలి. ఆ మొదటి రోజు డాక్టరమ్మ మొహమాటపడి మత్తు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో మేము తలచుకోము. జగడానికి పోయిన నలుగురిలో మేమే ముందు ఉన్నాము. ఆ సంగతి దాచుకోకుండా ఇక్కడ ఒప్పుకుంటున్నాము.

నోరు చూసి దారి కష్టమా సులువా అని ముందే అంచనా వేసే పద్ధతికి ప్రపంచమంతటా మన తెలుగువాని పేరే ఉన్నదని తెలిస్తే మీరు సంతోషిస్తారు. గుంటూరు ప్రాంతంలో పుట్టి, గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని బోస్టన్‌లో పనిచేసిన డాక్టర్ శేషగిరిరావు మల్లంపాటి 1985లో 210 మంది రోగులను పరిశీలించి ఒక పద్ధతి ప్రకటించాడు. రోగిని కూర్చోబెట్టి, నోరు బాగా తెరిచి నాలుక చాపమంటారు. కొండనాలుక, గొంతు వెనక భాగం ఎంత కనబడితే గొట్టం అంత సులువు, నాలుకే అంతా కప్పేస్తే కష్టం. మల్లంపాటి తరగతి అంటే ఏ దేశపు మత్తు డాక్టరైనా గుర్తుపడతాడు. పైసా ఖర్చు లేదు. అయితే ఒక్క ఈ పరీక్షతోనే అంతా తేలదు. మెడ వంగుతుందా, దవడ ముందుకు వస్తుందా, నోరు మూడు వేళ్ళంత తెరుచుకుంటుందా అన్నీ కలిపి చూస్తారు.

ఇక యంత్రం సంగతిలో మా సలహా చెబుతాము.

మొదటిది, యంత్రం కొనే ముందు ఆ ఆసుపత్రిలో క్యాప్నోగ్రాఫ్ ఉన్నదా అని అడగాలి. రోగి వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు వాయువును కొలిచి తెర మీద గీతగా చూపే సాధనం అది. గొట్టం గాలి దారిలోనే ఉన్నదని గట్టిగా చెప్పే సాక్షి అది. బ్రిటన్‌లో 2011లో ప్రకటించిన జాతీయ పరిశీలనలో, ఐసీయూలలో శ్వాస దారి చిక్కుల వల్ల జరిగిన మరణాలు, మెదడు నష్టాలలో నూటికి డెబ్భైకి పైగా సంఘటనల్లో ఈ సాధనం వాడకపోవడం కూడా ఒక కారణమని తేలింది. అది లేకపోతే మన డబ్బు ముందు దానికే పోవాలి. ఊపిరిని చూడు అని మన ఊళ్ళోనే చెప్పిన మాట ఇదే గదా.

రెండవది, కెమెరా కొనేటట్టయితే మొదటి జాతిది కొనాలి. మూడింటిలో అదే గెలిచిందని కాదు. ఆ ఆసుపత్రి డాక్టర్ల చేతికి మెకింతోష్ అలవాటు ఉన్నది, తెర ఆగినా పని ఆగదు, కొత్తవారికి నేర్పడానికి అనువైనది. అదే పిడికి వంపు బ్లేడు కూడా తగిలే రకమైతే, ఒక వంపు బ్లేడు, దానికి తగిన తీగ కలిపి తీసుకోవాలి. కష్టమైన రోగికి అది అక్కరకు వస్తుంది.

మూడవది, ధర అడిగి ఆగరాదు. ఈ యంత్రాలు వేల రూపాయల నుంచి లక్షల దాకా ఉన్నాయి. బ్లేడు ఒక్కసారి వాడి పారవేసేదా, కడిగి శుద్ధి చేసి మళ్ళీ వాడేదా? పారవేసేదైతే నెలనెలా ఎవరు కొంటారు? బ్యాటరీ పోతే ఎవరు మారుస్తారు? చెడిపోతే హైదరాబాదులోనే బాగుచేస్తారా? ఈ ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాకుండా చెక్కు మీద సంతకం పెట్టవద్దు. దానం ఇచ్చిన యంత్రం అల్మారాలో తాళం వేసి ఉంటే మనకూ పుణ్యం లేదు, రోగికీ లాభం లేదు.

నాలుగవది, ఎంపిక మనది కాదు, వాడే డాక్టర్లది. రెండు మూడు రకాలు తెప్పించి, ముందు బొమ్మ మీద వాళ్ళ చేత వాడించి, వాళ్ళు మెచ్చినది కొనాలి. ఎంత మంచి యంత్రమైనా ఎన్నిసార్లు ప్రయత్నించాలో దానికీ హద్దు ఉన్నది. మన దేశపు మత్తు డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన సూచనల ప్రకారం, మధ్యలో ఆక్సిజన్ అందిస్తూ, మూడు ప్రయత్నాలకు మించి పోరాడకుండా వేరే దారి చూడాలి. పట్టుదలకు పోయి పదిసార్లు తోస్తే గొంతు వాచి ఉన్న దారి కూడా మూసుకుంటుంది.

ఇంతవరకు డబ్బుతో అయ్యే పని. డబ్బు లేకుండా మన ఇళ్ళలో అయ్యే పని ఇంకొకటి ఉన్నది. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు అడిగినప్పుడు ఏదీ దాచవద్దు. పెట్టుడు పళ్ళు, కదిలే పళ్ళు ఉంటే చెప్పండి. రాత్రి గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుంటే చెప్పండి, ఈ సంగతి భార్యకు తెలిసినంత భర్తకు తెలియదు. గుట్కా, పాన్, సుపారీ అలవాటు తల్లి ముందు చెప్పడానికి సిగ్గయితే డాక్టరును పక్కకు పిలిచి చెప్పండి. ఇదివరకు ఆపరేషన్‌లో గొట్టం వేయడం కష్టమైందని ఎవరైనా రాసిచ్చిన కాగితం ఉంటే రేషన్ కార్డు అంత జాగ్రత్తగా దాచండి. ఏమీ తినవద్దంటే తినవద్దు. "ఒక్క గుక్క చాయే గదా" అని తాగి దాచినవాళ్ళను చూశాము. పాలు పోసిన చాయ్ అన్నంతో సమానమే. కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తులలోకి పోతే ఏ కెమెరా కాపాడదు.

చివరగా మా బడి సంగతి ఒకటి. ఆటో తమ్ముని తర్వాత మేము తొమ్మిది, పది తరగతుల మగపిల్లల చేత ఒక పరీక్ష చేయించాము. మీ చేతి మూడు వేళ్ళు నిలువుగా పైపళ్ళకు, కిందిపళ్ళకు నడుమ పెట్టుకోండి అన్నాము. పిల్లలు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. వెనక బెంచీలో ఒక పిల్లవాడికి మూడవ వేలు పట్టలేదు. నవ్వు ఆగిపోయింది. వాడి జేబులో సుపారీ పొట్లాలు దొరికాయి. వానికి పదిహేనేళ్ళు. వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. వాళ్ళ నాన్నను పిలిపించి, ముగ్గురం కలిసి పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాము. ముందుగానే తెలిసింది కాబట్టి మానేస్తే ఇంకా బిగుసుకోకుండా ఆపవచ్చునని చెప్పారు. వాడు మానేశానని అంటున్నాడు. వారానికి ఒకసారి మా ముందు మూడు వేళ్ళు పెట్టి చూపిస్తున్నాడు.

కాబట్టి మన సొసైటీ చందాలో యంత్రానికి పోను కొంత సొమ్ము మిగిల్చి, బోరబండ చుట్టుపక్కల బడులలో, ఆటో స్టాండులలో ఈ మూడు వేళ్ళ పరీక్ష పెట్టించాలని, నోరు తెరుచుకోనివారిని పళ్ళ డాక్టరుకు చూపించాలని కార్యవర్గానికి విన్నవించుకుంటున్నాము. పళ్ళ డాక్టర్లు ఇద్దరు ఉచితంగా వస్తామన్నారు. ఆటో తమ్ముడు కూడా తన కథ తానే చెబుతానని ఒప్పుకున్నాడు. అతని మాట మా మాట కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇప్పుడు బిర్యానీకి లేచే ముందు, సిగ్గుపడకుండా, పెద్దలూ పిల్లలూ అందరూ ఒక్కసారి మూడు వేళ్ళు పెట్టి చూసుకోండి. ఎవరికైనా పట్టకపోతే ఎవరికీ చెప్పనక్కరలేదు, మాకు చెప్పండి. మేము వెంట వస్తాము.